యాదగిరి సారూ, కార్జపు జలగలూ, నా కడుపుమంటా

మొన్న ఆదివారం మా అమ్మాయి మాంసం దుకాణం నుంచి కార్జం తెచ్చి వంటగది గట్టు మీద పెట్టింది. పొట్లం విప్పగానే ఆ పచ్చి వాసన, తడిసిన ఇనుములాంటి వాసన, హాల్లో పేపరు చదువుకుంటున్న నా దాకా వచ్చింది. లేచి వెళ్ళి, ఎవరినీ అడగకుండానే కార్జాన్ని చేతిలోకి తీసుకుని, అడుగువైపు తిప్పి, బొటనవేలితో నొక్కుతూ పోయాను. పిత్తం పారే నాళాలు అక్కడే ఉంటాయి. మెత్తగా ఉంటే ఆ గొర్రె ఆరోగ్యంగా బతికినట్టు. లోపల జలగలు చేరి ఉంటే అవి గట్టిపడి, వేలి కింద పెన్సిలు ముక్కలా తగులుతాయి. "నాన్నా, అది కూరకు తెచ్చింది, పరీక్షకు కాదు" అని అమ్మాయి నా చేతిలోంచి లాక్కుంది. కార్జాన్ని అలా వేలితో చదవడం నాకు డాక్టర్ యాదగిరి నేర్పాడు. నేర్పాడు అనడానికి కూడా నాకు మనసొప్పదు. ఆయన చేస్తుంటే చూసి, ఓర్వలేక, నేనూ చేసి పట్టుకున్నాను. నాకు ఎనభై దాటాయి, ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది, అయినా ఆయన పేరు తలచుకుంటే ఇప్పటికీ నా ముఖం ముడుచుకుంటుంది.

మా బాల్కనీలోంచి ఇప్పుడు కనిపించేవన్నీ అద్దాల భవనాలే. నలభైల చివర్లో, పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, నేను లింగంపల్లి పశువుల దవాఖానలో చేరేనాటికి ఇదంతా రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య చెరువులు. గుట్టల మీద గొర్రెలు, చెరువుల్లో బర్రెలు. నేను నల్లగొండ వైపు వాడినే గాని, మద్రాసు పోయి పశువైద్యం చదివి, అక్కడి మాట తీరు కూడా అంటించుకుని వచ్చాను. తరగతిలో నా కంటే బాగా కార్జం కోసి చూపినవాడు లేడు. దవాఖాన నా చేతికి వస్తుందని ఆశపడ్డాను. తీరా వస్తే అక్కడ నలభై ఏళ్ళు పైబడిన యాదగిరి సారు ఉన్నాడు. పొట్టి మనిషి, ముఖం నిండా స్ఫోటకం మచ్చలు, చొక్కా మీద ఎప్పుడూ అయోడిన్ మరకలు. మొదటి రోజే గొర్లకాపర్లు ఆయన్ని డాక్టర్ సాబ్ అనీ, నన్ను చిన్న సాబ్ అనీ పిలిచారు. ఆ చిన్న అన్న మాట నాకు చెప్పులో రాయిలా ఉండేది.

ఈ ప్రాంతపు గొర్రెలకు పెద్ద గండం కార్జపు జలగ. చెరువు అంచున గడ్డి మేసినప్పుడు కడుపులోకి పోతుంది. కార్జంలోకి చేరి, చివరికి పిత్తనాళాల్లో కాపురం పెడుతుంది. గొర్రె కళ్ళు పాలిపోతాయి, దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడుతుంది. నాళాల్లో జలగ పెట్టే గుడ్లు పిత్తంతో పాటు పేగుల్లోకి జారి పేడలో పడతాయి. కాబట్టి రోగం పట్టుకోవాలంటే పేడలో గుడ్డును పట్టుకోవాలి. అది బరువైన గుడ్డు, నీళ్ళలో అడుగుకు దిగుతుంది. పేడను నీళ్ళలో కలిపి, వడగట్టి, తేరనిచ్చి, పైనీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, పైన తేటపడేదాకా అలా కడగాలి. ఆఖరికి అడుగున మిగిలిన దానిలో ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఇది ఎవరైనా చేయగల పనే. మా కాంపౌండరు చేయగలడు. కాని యాదగిరి సారు ఆ పని గొర్రెల యజమానితోనే చేయించేవాడు. ఒకసారి నేనుండబట్టలేక అడిగాను.

"సార్, ఇది కాంపౌండర్ చేసే పని కదండీ. వీళ్ళతో ఎందుకు?"

"గొర్లు ఎవలియి సుదర్శనం? ఆయినయి. ఆయిన చేతులతోని కడిగితెనే ఆయినకు నమ్మకం. నేనే కడిగి, నేనే జూసి, నేనే జెప్తె, మంత్రం ఏసినట్టుంటది గద."

అంతటితో ఆగేవాడు కాదు. మైక్రోస్కోపులో మొదటి చూపు కూడా యజమానిదే. రుమాలు చుట్టుకున్న ముసలివాళ్ళు వంగి, ఒక కన్ను మూసుకోవడం రాక తంటాలు పడి, కాసేపటికి "ఆఁ, పచ్చగ గింజలున్నయ్ సాబ్" అని అరిచేవాళ్ళు. ఆ తరువాతే ఆయన చూసేవాడు. నీళ్ళు తేరుకునేంతసేపు వాళ్ళతో ముచ్చట. మంద ఏ చెరువుకు పోతున్నది, ఏ వాగు దగ్గర నీళ్ళు తాగింది, పెద్ద కొడుకు ఎందుకు అలిగిండు, అన్నీ. మూడోసారి నీళ్ళు తేటపడేసరికి మంద చరిత్ర మొత్తం ఆయన గుప్పిట్లో ఉండేది. పక్క బల్ల దగ్గర నేను చెవులు రిక్కించి కూర్చుని, పని చేస్తున్నట్టు నటించేవాడిని. నాకు కళ్ళు కుట్టేవి. నాతో ఎవరూ అలా మాట్లాడరు. నేనడిగితే అవును, కాదు, అంతే.

ఆయనలా ఉండాలని నేనూ ప్రయత్నించకపోలేదు. ఆయన కాపర్లను మామా అని పిలిచేవాడు, నేనూ పిలిచి చూశాను. నార్సింగి మల్లయ్య అప్పుడు నీళ్ళు పారబోస్తున్నాడు. మల్లయ్య అంటే నార్సింగిలో గొర్లకాపరి, ఎండిన చింతబెత్తంలాంటి మనిషి, భార్య లచ్చమ్మతో కలిసి మందను పిల్లల్లా సాకేవాడు. ఆ మంద తప్ప వాళ్ళకు భూమీ లేదు, పుట్రా లేదు. "ఏం మామా, మంద మంచిగుందా?" అని నేను నవ్వుతూ అడిగేసరికి, మల్లయ్య గిన్నె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమైంది చిన్న సాబ్? తబియత్ మంచిగ లేదా?"

యాదగిరి సారు పడీ పడీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరువాత మళ్ళీ ఎవరినీ మామా అనలేదు.

ఆ ఏడు దీపావళి పోయిన తరువాత మల్లయ్య మందలో చావులు మొదలయ్యాయి. దవడ కింద నీరు లేదు, చిక్కిపోవడం లేదు. నిన్న బాగా మేసిన గొర్రె ఇవాళ పొద్దున పడిపోయి ఉండేది. మేమిద్దరం సైకిళ్ళ మీద నార్సింగి పోయాం. దొడ్డి బయట లచ్చమ్మ చచ్చిన గొర్రె తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి ఏడుపు లంకించుకుంది. "మంద పోతె మేము ఏం దిని బతకాలె సాబ్?" అన్నది. మల్లయ్య మాత్రం ఒక్కొక్క గొర్రెనూ తడుముతూ తిరుగుతున్నాడు.

యాదగిరి సారు తన పద్ధతిలోనే నడిచాడు. పేడ తీయించాడు, మల్లయ్య చేత కడిగించాడు, దవాఖాన నుంచి తెచ్చిన మైక్రోస్కోపు రాతిబండ మీద పెట్టి చూశాడు. గుడ్డు లేదు. ఇంకో గొర్రె పేడ, అందులోనూ లేదు. చచ్చిన గొర్రెను కోయించి, కార్జం తీసి, బొటనవేలితో నాళాలన్నీ నొక్కి, కత్తెరతో చీల్చి చూశాడు. నాళాలు మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి.

"సాఫ్ ఉన్నయ్. జలగ కాదు మల్లయ్యా. ఇది ఇంకేందో. ఏదన్న విషపు ఆకు తిన్నయేమో, పట్నం పంపి జూద్దం" అని, చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళాడు.

నేను ఆ కార్జం వైపు చూశాను. అది ఉబ్బి ఉంది, పైన నల్లటి నెత్తురు చారలు, గొర్రె కడుపులో ఎర్రని నీరు. నిజం చెప్పాలంటే, ఆయన మీద అక్కసు లేకపోతే నేను దాన్ని ముట్టేవాడినే కాదు. పెద్దాయన చూసేశాడు కదా అని ఊరుకునేవాడిని. కాని ఆయన వదిలేసింది ఏదో ఒకటి దొరకాలని నా ప్రాణం కొట్టుకుంది. కార్జాన్ని పలచగా ముక్కలు కోసి, లచ్చమ్మ చేత గోరువెచ్చని నీళ్ళు తెప్పించి, తాంబాళంలో వేసి పిండాను. కాసేపటికి నీళ్ళ అడుగున నూకల్లాంటివి కదిలాయి. ఇంకా పెరగని పిల్ల జలగలు. అవి నాళాల దాకా చేరనే లేదు, కార్జం కండను తొలుచుకుంటూ దారిలో ఉన్నాయి. నాళాల్లో లేవు కనుక నాళాలు శుభ్రం. ఇంకా ఎదగలేదు కనుక పేడలో గుడ్డు లేదు. పుస్తకంలో చదివినదంతా ఒక్కసారిగా నా కళ్ళ ముందు నిలిచింది.

"సార్! ఇటు రండి సార్, చూడండి!" అని అరిచాను. దొడ్డి చుట్టూ మూగిన వాళ్ళందరికీ వినబడాలనే అరిచాను. ఇవాళ్టితో చిన్న సాబ్ అన్న మాట వదులుతుందని అనుకున్నాను.

ఆయన తడి చేతులతోనే వచ్చి, తాంబాళం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తరువాత లేచి నిలబడి మల్లయ్యతో అన్నాడు.

"నేను తప్పు జెప్పిన మామా. జలగే. నాకు కనవడలే, ఈయినకు కనవడ్డది. ఇగ చిన్న సాబ్ అనకుండ్రి, ఇయాల ఈయినే పెద్ద సాబ్."

అంతే. నసగలేదు, సాకు చెప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు ఒక్కసారి చూసి, వెంటనే ఆయన వైపు చూశారు. ఆ చూపుల్లో ఆయన మీద ఉన్న ప్రేమ ఇంకో పిడికెడు పెరిగింది. గెలిచింది నేను, పెరిగింది ఆయన. తప్పును ఒప్పుకోవడంలో కూడా నన్ను మించిపోతే నేను ఇంకెక్కడ గెలవాలి? నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రోగం పట్టుకున్నాక మందు సంగతి వచ్చింది. అప్పట్లో జలగకు వేసే గోళీ మా దగ్గర ఉంది. అది నాళాల్లో ఉన్న ఎదిగిన జలగనే చంపుతుంది, కండలో ఉన్న పిల్ల జలగను ఏమీ చేయదు. పైగా అది ఘాటు మందు, ఇప్పటికే చిల్లులు పడ్డ కార్జం దాన్ని తట్టుకోలేదు, మందే గొర్రెను చంపుతుంది. మందను ఇవాళే చెరువు అంచు నుంచి తప్పించి, పొడి గుట్టల మీదికి తోలాలి. బావి నీళ్ళే తాపాలి. మిగిలిన జలగలు ఎదిగి నాళాలకు చేరి, పేడలో గుడ్లు కనిపించేదాకా ఆగి, అప్పుడు గోళీ వేయాలి. అప్పటిదాకా కొన్ని చస్తాయి. ఇదంతా నేను మల్లయ్యకు వరుసగా, స్పష్టంగా, ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పాను. మల్లయ్య ముఖం ఎర్రబడింది.

"సచ్చేటియి సస్తుంటె, సంచిల మందు వెట్టుకొని కూసుంటరా? గిదేం దవాఖాన సాబ్?" అని నన్ను అడిగి, జవాబు కోసం ఆగకుండా యాదగిరి సారు వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు సాబ్."

"ఆయిన జెప్పిండు గద."

"నువ్వు జెప్పు."

"గుట్టలకు తోలు మామా. మందు ఇప్పుడొద్దు. ఇంక కొన్ని పోతయ్. పోతె నన్ను తిట్టు."

మల్లయ్య రుమాలుతో ముఖం తుడుచుకుని, కర్ర అందుకుని, మందను లేపడానికి వెళ్ళాడు. నేను చెప్పింది అదే. నా మాటల్లో కారణాలు కూడా ఉన్నాయి. ఆయన మాటల్లో అవి కూడా లేవు. నిజం నా దగ్గర ఉన్నా, దాన్ని అవతలి మనిషి చేత చేయించే బలం నా దగ్గర లేదని ఆ పూట తెలిసింది. ఆ బలం ఎలా వస్తుందో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. తిరుగుదారిలో సైకిలు తొక్కుతూ ఆయన ఒక్కటే అడిగాడు.

"పిల్ల జలగల సంగతి ఏ పుస్తకంల జదివినవ్? అది రేపు తెస్తవా?"

తెచ్చాను. అందరూ వచ్చీపోయే వేళ, తన బల్ల మీదే తెరిచి పెట్టుకుని చదివాడు. అర్థం కాని మాట వస్తే, కాంపౌండరు వింటుండగానే, "సుదర్శనం, జర ఇది జెప్పు" అని పిలిచేవాడు. నేను లేచి వెళ్ళి చెప్పేవాడిని. చెప్పిన ప్రతిసారీ లోపల రగిలిపోయేవాడిని. తన కంటే చిన్నవాడిని అలా నలుగురిలో అడగగలిగే తేలిక నాకెందుకు లేదు?

మంద గుట్టల మీదికి పోయిన తరువాత కూడా గొర్రెలు చచ్చాయి. ముందు ఎక్కువగా, తరువాత తక్కువగా. లచ్చమ్మ ఒకరోజు లింగంపల్లి దాకా నడిచి వచ్చి, దవాఖాన వాకిట్లో నిలబడి తిట్ల దండకం ఎత్తుకుంది. "మందు దాచుకొని మా మందను సంపుతున్నవ్. నీ చేతులు పడిపోను. నిన్ను నమ్మినం జూడు, మాది బుద్ధి తక్కువ" అని. యాదగిరి సారు గడప దగ్గర తల వంచుకుని నిలబడి విన్నాడు. నిర్ణయం నాది. ఆయన ఒక్క వేలు నా వైపు చూపితే ఆ తిట్లు నా మీదికి మళ్ళేవి. చూపలేదు. ఆమె అలసిపోయాక కాంపౌండరు చేత మంచినీళ్ళు ఇప్పించాడు. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఇంకెన్ని దినాలు సాబ్?" అని మామూలు గొంతుతో అడిగింది. మీరు నవ్వినా సరే, నాకు ఆ తిట్ల మీద కూడా ఈర్ష్య పుట్టింది. అంత చనువుగా నన్ను తిట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కరు లేరు.

చలి ముదిరాక మల్లయ్య పేడ పట్టుకుని వచ్చాడు. యాదగిరి సారు అప్పుడు బయట చెట్టు కింద ఎవరిదో కుంటెద్దును చూస్తున్నాడు. "సుదర్శనం ఉన్నడు పో" అని లోపలికి పంపాడు. మల్లయ్య నీళ్ళు పోశాడు, పారబోశాడు, మళ్ళీ పోశాడు. తేరుకునేంతసేపు మేమిద్దరం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాం. నాకు ముచ్చట పెట్టడం చేతకాదు. చివరికి మల్లయ్యే మొదలుపెట్టాడు. గుట్ట మీద గడ్డి పలచన, అయినా మంద బాగానే తిరుగుతున్నదట, ఒక గొర్రె ఈనిందట. నేను విన్నాను. చుక్క తీసి అద్దం కింద పెట్టి, కన్ను ఆనించబోయి, ఆగి, పక్కకు జరిగాను. మల్లయ్య వంగి చూశాడు.

"ఉన్నయ్ సాబ్. పచ్చగ ఉన్నయ్."

నేను చూశాను. ఒక కొసన మూత ఉన్న పచ్చని గుడ్లు, పుస్తకంలో ఉన్నట్టే. "ఇక గోళీలు వేద్దాం" అన్నాను. ఈసారి మల్లయ్య బయటికి పోయి ఎవరినీ అడగలేదు. ఆ మరునాడు నేనే గుట్టలెక్కి గోళీలు వేశాను. మిగిలిన మంద దక్కింది. లచ్చమ్మ నాకు చెంబు నిండా మజ్జిగ పోసింది. నాకు దక్కాల్సింది దక్కిందనుకుని, గుట్ట దిగుతూ వెనక్కి తిరిగి చూశాను. వెనకాలే వచ్చిన యాదగిరి సారు, మల్లయ్య పక్కన బండ మీద కూర్చుని చుట్ట పంచుకుంటున్నాడు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుతున్నారు. ఏమనుకున్నారో నాకు వినబడలేదు. నా సంతోషం అక్కడికక్కడే సగమైపోయింది.

తరువాత ఆయనకు జీడిమెట్ల వైపు బదిలీ అయింది. ఎన్నో ఏళ్ళకు, ఆయన ఉద్యోగం అయిపోయాక, సికింద్రాబాదు స్టేషనులో కలిశాం. బాగా చిక్కిపోయాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "సుదర్శనం, నార్సింగిల ఆ దినం నువ్వు నన్ను పిలిచినవ్ జూడు, అప్పుడు నాకు..." అని ఏదో అనబోయాడు. మళ్ళీ మెచ్చుకోబోతున్నాడనుకుని నాకు ఒళ్ళు మండింది. "బండి వచ్చేసింది సార్" అని మాట తప్పించాను. బండి నిజంగా వచ్చేసిందేమీ కాదు, దూరంగా పొగ కనిపిస్తున్నదంతే. ఆయన నవ్వి, "పో పో" అన్నాడు. మరుసటి ఏడే పోయాడు.

ఇది జరిగిన చాలా కాలానికి నేనే ఒక దవాఖానలో పెద్దనయ్యాను. కొత్తగా వచ్చిన ఒక కుర్ర డాక్టరు, కాపర్లందరి ముందు, నేను చెప్పిన రోగం కాదని నిరూపించాడు. వాడి గొంతులో ఆ తొందర, కళ్ళల్లో ఆ మెరుపు నేను వెంటనే గుర్తుపట్టాను. అవి ఒకప్పటి నావే. యాదగిరి సారు నా ముఖంలో వాటిని రోజూ చూసే ఉంటాడని అప్పుడు తట్టింది. తెలిసీ మల్లయ్యను నా బల్ల దగ్గరికి పంపి నాకు చోటిచ్చాడన్నమాట. నేను కూడా కాపర్ల వైపు తిరిగి, "నేను తప్పు చెప్పాను, ఈయన చెప్పిందే నిజం" అన్నాను. మాట బయటికి వచ్చింది గాని, గొంతు ఎండిపోయింది. వారం రోజులు అన్నం సయించలేదు. ఆ కుర్రవాడి ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆ రోజు నార్సింగిలో ఆయన గొంతు కూడా ఎండిపోయిందా? ఆయన కూడా వారం రోజులు అన్నం ముందు ఊరికే కూర్చున్నాడా? స్టేషనులో నాకు చెప్పబోయింది అదేనా? అదే అయితే ఆయనా నాలాంటి మనిషే, నేను ఆయన పక్కన కూర్చోవచ్చు. అది కాదంటే, ఏ కష్టమూ పడకుండా, ఊరికే అలా అనగలిగాడా? ఈ ఒక్కటీ తెలుసుకోవడానికి నాకు ఒక్క నిమిషం దొరికింది. ఆ నిమిషంలో నేను బండి వచ్చేసిందన్నాను.